అజ్ఞాతవాసములో ఛాయాచిత్రకళ: ఎమ్మీ ఆంద్రీసె జీవితము

విరాటపర్వము ఎరిగిన తెలుగువారికి అజ్ఞాతవాసమనగా ఏమో వేరుగ చెప్పనక్కరలేదు. పేరు మార్చుకొని, వేషము మార్చుకొని, ఆయుధములను జమ్మిచెట్టుపై దాచి, పగవాని వేగులవారి కంటబడకుండ ఒక సంవత్సరము గడుపుట అందలి ప్రధాన కథాంశము. ఇరువదవ శతాబ్దమున, రెండవ ప్రపంచయుద్ధకాలములో, హాలెండు దేశమున వేలకొలది జనులు ఇట్టి బ్రతుకే బ్రతుకవలసి వచ్చెను. అట్టివారిని డచ్చి భాషలో ఒండర్‌డౌకర్ అందురు. ఒండర్ అనగా క్రింద. డౌకెన్ అనగా మునుగుట. నీటిలో మునిగినవాడు పైకి కానరానట్లు జనసముద్రములో మునిగి కానరాకపోయినవాడని ఆ మాటకు భావము. ఆ క్రియనుండియే ఒండర్‌ఖెడోకెన్ అను విశేషణము పుట్టినది. 1945లో ఆమ్‌స్టర్‌డామ్ నగరమున జరిగిన ఒక ఛాయాచిత్ర ప్రదర్శనకు ఆ విశేషణమును చేర్చి పేరు పెట్టిరి. తెలుగున దానిని అజ్ఞాతవాసపు కెమేరా అనవచ్చును. ఆ చిత్రములను తీసిన బృందమునకు అదియే పేరై చరిత్రలో నిలిచినది.

ఆ బృందములోని ముఖ్యులలో ఎమ్మీ ఆంద్రీసె ఒకరు. ఇతరులు కెమేరాను మాత్రమే దాచిరి. ఆమె కెమేరాతో పాటు తన జన్మమును గూడ దాచవలసి వచ్చెను. ఈ భేదమును గుర్తింపనిదే ఆమె చిత్రముల విలువ పూర్తిగ బోధపడదు. అందువలన ఆమె జీవితమును మొదటినుండి క్రమముగ పరిశీలించుట యుక్తము.

ఎమ్మీ ఆంద్రీసె 1914 జనవరి 14వ తేదీన హేగ్ నగరమున జన్మించెను. తలిదండ్రులు ఉదారభావములుగల యూదులు. ఇరువురును అంతర్జాతీయ వస్త్రవ్యాపారములో పనిచేసినవారు. ఆమె వారికి ఏకైక సంతానము. ఆమెకు 15 సంవత్సరముల వయస్సున తల్లి మరణించెను. తండ్రి వృత్తిరీత్యా విదేశములలో ఉండుటచేత ఆమె పెంపకము బంధువులైన స్త్రీల పాలబడెను. ఒకరి ఇంటినుండి ఇంకొకరి ఇంటికి మారుచు పెరిగిన బాలిక ఆమె.

1932లో ఆమె హేగ్ నగరములోని రాజకీయ లలితకళా విద్యాలయమున ప్రకటనచిత్రకళా శాఖలో ప్రవేశించి 1937 వరకు విద్యాభ్యాసము చేసెను. ఆ శాఖలో ఖెరిట్ కిల్యాన్, పాల్ స్కౌతమా అను ఇరువురు ఉపాధ్యాయులు నూతన మార్గమును త్రొక్కినవారు. చేతితో గీసిన బొమ్మకు బదులు ఛాయాచిత్రమునే ప్రకటనకు ఆధారముగ తీసికొనుట, అక్షరమును చిత్రమును ఒకే తలముపై కూర్చుట, వస్తువును దగ్గరనుండి, వాలుకోణమునుండి చూచుట వారి బోధనాపద్ధతి. అంతకంటె ముఖ్యముగ, ఛాయాచిత్రము ధనికుల గోడలకు అలంకారము గాక సంఘజీవితమునకు ఉపయోగపడు సాధనమని వారు విశ్వసించిరి.

ఆ కాలము యూరోపునకు విషమ కాలము. 1933లో జర్మనీలో హిట్లరు అధికారమునకు వచ్చెను. 1936లో స్పెయిన్‌లో అంతర్యుద్ధము మొదలయ్యెను. జర్మనీనుండి పారిపోయి వచ్చిన వామపక్ష కాందిశీకులకు హాలెండు యువకులు కొందరు ఆశ్రయమిచ్చిరి. విద్యార్థిదశలో ఎమ్మీ, తనవంటి భావములు గలవారు కలసి కాపురముండు ఇంటిలో నివసించుచు, ఫాసిజమునకు వ్యతిరేకమైన కార్యములలో పాల్గొనెను. సాంస్కృతిక హక్కుల రక్షణకై ఏర్పడిన కళాకారుల సంఘములో చేరెను. 1937లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని స్టేడలిక్ మ్యూజియమున జరిగిన పెద్ద ఛాయాచిత్ర ప్రదర్శనలో ఆమె చిత్రములకు చోటు లభించెను. చదువు ముగిసిన పిమ్మట ఆమె ఆమ్‌స్టర్‌డామ్ నగరమునకు చేరి పత్రికా ఛాయాగ్రాహకురాలుగ వృత్తిని ప్రారంభించెను.

ఆ వృత్తి మూడేండ్లు సాగినదో లేదో, 1940 మే 10వ తేదీన జర్మను సేనలు హాలెండుపై దండెత్తెను. 14వ తేదీన రాటర్‌డామ్ నగరము బాంబులచే ధ్వంసమయ్యెను. ఆ మరునాడు దేశము లొంగిపోయెను. రాణియు మంత్రివర్గమును లండనునకు చేరి ప్రవాస ప్రభుత్వముగ నిలిచిరి. దేశములో సుమారు 1,40,000 మంది యూదులుండిరి. వారిని సంఘమునుండి వేరుచేయు పని ఒక్కనాట జరుగలేదు. మొదట ఉద్యోగములు పోయెను. తరువాత ఉద్యానములు, గ్రంథాలయములు మూతపడెను. 1941లో ప్రతి పౌరునికి గుర్తింపుపత్రము ఇచ్చిరి; యూదుల పత్రములపై ఒక ప్రత్యేకాక్షరము ముద్రించిరి. ఆ పత్రము నకలు చేయుటకు మిక్కిలి కష్టమైనది. ఒక ప్రభుత్వోద్యోగి శ్రద్ధగ కల్పించిన ఆ పత్రమే తరువాత వేలకొలది జనుల మరణమునకు దారి చూపెను. కళాకారులు, పత్రికారచయితలు సభ్యులుగ చేరితీరవలసిన ఒక సంస్కృతిమండలిని ఆక్రమణాధికారులు 1941 చివర స్థాపించిరి. యూదులకు అందు ప్రవేశము లేదు. అనగా ఎమ్మీకి తన పేరుతో ఒక్క చిత్రమైనను ప్రకటించు హక్కు పోయినది.

1941 జూన్ నెలలో ఆమె డిక్ ఎల్ఫర్స్ అను చిత్రకారుని వివాహమాడెను. ఆయన యూదుడు కాడు. వారికి ఇరువురు కుమారులు కలిగిరి. ఒకరు చిన్ననాటనే మరణించిరి. 1942 మే నెలనుండి యూదులు పసుపుపచ్చని నక్షత్రము ధరింపవలసి వచ్చెను. ఆ సంవత్సరము జూలైలో తూర్పుదిక్కునకు రైళ్లు బయలుదేరెను. 1943 సెప్టెంబరు చివర ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన కడపటి పెద్ద గాలింపుతో ఆ నగరపు యూదుల పేటలు నిర్మానుష్యములయ్యెను. మొత్తము మీద దేశమునుండి 1,07,000 మందిని పంపగా సుమారు 5,000 మంది మాత్రమే తిరిగి వచ్చిరి. ఈ సంవత్సరములలో ఎమ్మీ బహిరంగ జీవితమునుండి తప్పుకొని దాగియుండెను. వృత్తి లేదు, వీధి లేదు, పేరు లేదు.

1944 చివర ఆమె స్థితి మారినది. ఆరీ ద ఫ్రూ అను మానవశాస్త్రజ్ఞుని సహాయముతో ఆమె యూదురాలు కాదనునట్లు పత్రములు ఏర్పడెను. జాతిభేదమును నిరూపించుటకు ఆక్రమణాధికారులు ఏ శాస్త్రమును ఆశ్రయించిరో ఆ శాస్త్రమునే ఈ పండితుడు ప్రాణరక్షణకు వినియోగించెను. ఆ పత్రములతో ఆమె తిరిగి వీధిలో అడుగు పెట్టగలిగెను. పట్టుబడినచో మాత్రము పత్రముల కల్పన, జన్మము, కెమేరా అను మూడు నేరములు ఒకేసారి బయటపడును. ఆ సంగతి తెలిసియే ఆమె కెమేరాను చేతబట్టెను.

ఆమె మరల చూచిన నగరము వేరు నగరము. 1944 సెప్టెంబరు 17వ తేదీన, మిత్రసేనలకు తోడ్పడుటకై ప్రవాస ప్రభుత్వము పిలుపునీయగా డచ్చి రైల్వే ఉద్యోగులు సమ్మె చేసిరి. దానికి ప్రతిగ జర్మను పాలకుడు జైస్ ఇంక్వార్ట్ పశ్చిమ ప్రాంతములకు ఆహారరవాణాను నిలిపివేసెను. నవంబరులో ఆ ఆజ్ఞ కొంత సడలినను, ఇంధనము లేకపోవుట, వాహనములను సైన్యము పట్టుకొనిపోవుట, పిమ్మట కాలువలు గడ్డకట్టి పడవలు నడువకపోవుట చేత ధాన్యము నగరములకు చేరలేదు. అక్టోబరులోనే ఇండ్లకు విద్యుత్తు, గ్యాసు నిలిచిపోయెను. పెద్దవారికి దినమునకిచ్చు ఆహారము నవంబరు చివరకు 1,000 కేలరీలకు లోపడి, 1945 ఫిబ్రవరి చివరకు సుమారు 580 కేలరీలకు దిగజారెను. జనులు పంచదార దుంపలను, తులిప్ పూలదుంపలను ఉడికించి తినిరి. దేశము పేరు చెప్పగానే లోకమునకు స్ఫురించు పూలమొక్క ఆ శీతకాలమున కూడయ్యెను. సుమారు 20,000 మంది ఆకలివలనను, ఆకలి తెచ్చిన వ్యాధులవలనను మరణించిరి. డచ్చివారు ఈ కాలమును హోంగర్‌వింటర్ అందురు. ఆకలి శీతకాలమని అర్థము.

ఈ దశలో ఫ్రిట్స్ కాలెన్‌బర్గ్, టోని వాన్ రెంటర్‌ఘెమ్ అను ఇరువురు ఛాయాగ్రాహకులను కూడగట్టిరి. మొదటివాడు జర్మనీనుండి శరణుజొచ్చిన యూదుడు. రెండవవాడు పూర్వము అశ్వదళములో సైనికాధికారి. కాస్ ఓర్ట్‌హౌస్, చార్లెస్ బ్రైయర్, కారెల్ బ్లాజర్, క్రైన్ టకోనిస్, మారియుస్ మైబోమ్, వైయొలెట్ కార్నీలియస్, ఎమ్మీ ఆంద్రీసె మొదలగువారు ఆ బృందమున పనిచేసిరి. వారి ఉద్దేశములు రెండు. దేశములో ప్రతిఘటన నిజముగ నున్నదనియు, ప్రజలు ఆకలితో చచ్చుచున్నారనియు లండనులోని ప్రభుత్వమునకు రుజువు చూపుట ఒకటి. ఏనాటికైనను రానున్న విముక్తిని, దానికి ముందటి దుర్దినములను భావితరములకు నిలువచేయుట రెండవది. కొన్ని చిత్రములు రహస్యమార్గములలో లండను చేరెను.

1944 నవంబరులో బహిరంగ స్థలములలో ఛాయాచిత్రములు తీయుట నిషిద్ధమయ్యెను. ఆ నిషేధము నడుమ వారు పనిచేసిన విధానము గమనింపదగినది. రోలీఫ్లెక్స్ వంటి కెమేరాను కంటికి ఎత్తనవసరము లేదు. నడుము దగ్గర పట్టుకొని పైనుండి క్రిందికి చూచి చిత్రము తీయవచ్చును. అందుచేత దానిని కోటు క్రింద, సంచిలో దాచుటకు వీలుండెను. బ్రైయర్ తన సైకిలు సంచిలో కెమేరా నమర్చుకొనెను. పదునేడు మొదలు నలువది ఏండ్ల వరకుగల పురుషులను జర్మనీలో పనికై వీధులలో పట్టుకొనిపోవుచుండిరి. గావున స్త్రీలు కొంత స్వేచ్ఛగ తిరుగగలిగిరి. తిండికై వెదకుచు సంచి పట్టుకొని తిరుగు స్త్రీని ఎవరును ప్రత్యేకముగ గమనింపరు. ఆకలి కల్పించిన ఆ సామాన్యదృశ్యమే ఎమ్మీకి మరుగైనది. ఫిల్ములు దొరకుట అరుదు. ఇంట దీపము లేదు. ఒక్కొక్క చిత్రమును లెక్కపెట్టి తీయవలసిన కాలమది.

ఆమె ఆ శీతకాలమున తీసిన చిత్రములలో గిన్నె పట్టుకొన్న బాలుడు, కాటికాపరి, కాటెన్‌బర్గ్ పిల్లలు అనునవి మిక్కిలి ప్రసిద్ధములు. కాటెన్‌బర్గ్ ఆమ్‌స్టర్‌డామ్ ఓడరేవు దగ్గరి పేదవారి పేట. నగరములో నాడు సామూహిక వంటశాలలు ఉండెను. జనులు పాత్రలతో వరుసలో నిలిచి పలుచని అంబలిని తెచ్చుకొనిరి. ఆ బాలుని చేతి గిన్నె అట్టిదే. శవపేటికలు చాలలేదు, శ్మశానమునకు మోయువారు చాలలేదు. దక్షిణ దేవాలయమని పిలువబడు చర్చిలో శవములను ఉంచిరి. అట్టి కాలమున కాటికాపరి చిత్రము ఒక వృత్తినిగాక ఒక నగరమునే సూచించును.

ఈ చిత్రముల శిల్పమును గూర్చి ఒక మాట. వాలుకోణములు, అతిసామీప్యము, ఆశ్చర్యము గొలుపు కూర్పు ఎమ్మీ నేర్చిన విద్య. ఆకలి చిత్రములలో ఆ ప్రౌఢి వెనుకకు తగ్గినది. మనిషి తన ఎత్తున తాను నిలిచియుండును. చుట్టును వీధి ఖాళీగ నుండును. ఇందుకు కొంత కారణము పరిస్థితి. దాగి తీయువానికి కోణములు ఎన్నుకొను తీరిక లేదు. కాని అంతమాత్రమే కారణమనుట సరికాదు. బాధితుని దీనత్వమును పెంచి చూపవలెనను తహతహ ఆమెలో లేదు. చూచువాని జాలిని వేడక, చూచువానిని సాక్షిగ నిలుపు దృష్టి ఆమెది.

ఆకలిగొన్నవానిని చిత్రించుట ప్రతిఘటనమగునా యను ప్రశ్న ఇచట పుట్టును. ఆయుధము పట్టినవాడు, రైలుమార్గమును పేల్చినవాడు ప్రతిఘటించినవాడని అందరును ఒప్పుకొందురు. గిన్నె పట్టుకొన్న బాలుని చిత్రము ఏ శత్రువును కొట్టినది? సమాధానము ఆ కాలపు రాజనీతిలోనే ఉన్నది. ఆక్రమణాధికారులకు ఆకలి ఒక శిక్షాసాధనము. దానిని లోకము చూడకుండుట వారికి లాభము. చూపినవాడు ఆ లాభమును భంగపరచెను. ప్రాణాపాయమునకు వెరవక అట్లు చేసినవాని పనిని ప్రతిఘటనము కాదనుటకు వీలులేదు. భారతీయ పాఠకులకు ఇది దూరపు సంగతి కాదు. హాలెండు కరువునకు ఒక సంవత్సరము ముందు, 1943లో, వంగదేశమున కరువు అంతకంటె ఎన్నో రెట్లు ఘోరముగ ప్రబలెను. నాటి ప్రభుత్వము దానిని కరువని ప్రకటించుటకే అంగీకరింపలేదు. సునీల్ జానా తన కెమేరాతోను, చిత్తప్రసాద్ తన రేఖాచిత్రములతోను ఆ సత్యమును వెల్లడించిరి; చిత్తప్రసాద్ పుస్తకము ప్రతులను ప్రభుత్వము జప్తు చేసెను. పాలకుడు స్వదేశీయుడు కానిచోట ఆకలి చిత్రము సహజముగనే రాజద్రోహమగునని ఈ రెండు ఉదాహరణములు తెలుపుచున్నవి.

ఇంకొక విషయము ఇంతకంటె సూక్ష్మమైనది. ఆకలి శీతకాలమున వంటచెరకు లేక జనులు చెట్లను నరికిరి. ట్రాముదారి చెక్కదిమ్మలను పెకలించిరి. చివరకు నిర్మానుష్యములైన యూదుల పేటలలో చొరబడి ఇండ్ల దూలములను, మెట్లను, తలుపులను ఊడదీసిరి. కూలిన ఆ ఇండ్ల చిత్రములు ఈ బృందపు నిధిలో కలవు. ఇతరులకు అవి నగరపు దుస్థితికి గుర్తులు. ఎమ్మీకి అవి తనవారి ఇండ్లు. తాను యూదురాలు కాదని పత్రము చూపుచు, యూదులు లేకపోయిన వీధులలో ఆమె తిరిగెను. ఆకలిగొన్న బాలుని ఆమె చిత్రింపగలిగెను. అతనికి ముందే రైళ్లలో పోయిన బాలురను చిత్రించుటకు ఎవరును మిగులలేదు. ఆకలి చిత్రములను చూచునపుడు ఈ శూన్యమును గూడ చూడవలెను. అవి ఒక విపత్తునకు సాక్ష్యములై, వేరొక విపత్తు ముగిసిన పిదప తీయబడినవి.

1945 వసంతమున పరిస్థితి కొంత మారెను. స్వీడను దేశమునుండి ఓడలపై వచ్చిన పిండితో రొట్టెలు చేసి పంచిరి. ఏప్రిల్ 29 మొదలు మే 8 వరకు బ్రిటిషు, అమెరికను విమానములు ఆహారమును జారవిడిచెను. మే 5వ తేదీన జర్మను సేనలు లొంగెను; 7వ తేదీన ఆమ్‌స్టర్‌డామ్ నగరపు డామ్ చౌకములో గుమిగూడిన ప్రజలపై జర్మను నావికులు కాల్పులు జరిపిరి; 8వ తేదీన కెనడా సేనలు నగరమున ప్రవేశించెను. విముక్తి జరిగిన కొద్దికాలమునకే మైబోమ్ స్టూడియోలో అజ్ఞాతవాసపు కెమేరా ప్రదర్శన ఏర్పాటైనది. తమ బాధను తామే గోడపై చూచుకొనుటకు జనులు వచ్చిరి. ఈ చిత్రములు చేరిన ఆకలి శీతకాలపు ఆమ్‌స్టర్‌డామ్ గ్రంథము పిమ్మట వెలువడెను.

యుద్ధానంతరము ఎమ్మీకి మిగిలినది ఎనిమిదేండ్ల జీవితము. 1945లో ఏర్పడిన ఛాయాగ్రాహకుల వృత్తిసంఘములో ఆమె సభ్యురాలయ్యెను. వస్త్రాలంకరణ చిత్రములు తీసెను; చిత్రకారుల, శిల్పుల రూపచిత్రములు తీసెను. 1948లోను, 1952లోను స్టేడలిక్ మ్యూజియమున జరిగిన ప్రదర్శనలలో ఆమె చిత్రములు చేరెను. తరువాతి కాలమున ప్రఖ్యాతుడైన ఎడ్ వాన్ డెర్ ఎల్స్‌కెన్ ఆమె ప్రోత్సాహముననే 1950లో ప్యారిసు చేరెను. వాన్ గో జీవించిన గ్రామములను, పొలములను, మనుషులను చిత్రించు గ్రంథము ఆమె చేపట్టిన కడపటి పని. అది పూర్తికాకముందే ఆమె కాన్సరు వ్యాధికి లోనై, 1953 ఫిబ్రవరి 20వ తేదీన ఆమ్‌స్టర్‌డామ్‌లో 39వ యేట మరణించెను. ఆ గ్రంథము ఆ సంవత్సరమే వెలువడెను.

మరణానంతరము ఆమె పేరు దేశాంతరములకు వ్యాపించినది. 1955లో న్యూయార్కులో ఎడ్వర్డ్ స్టైకెన్ కూర్చిన మానవకుటుంబ ప్రదర్శనలో, ఒక డచ్చి వృద్ధ దంపతులను ఆమె తీసిన చిత్రము చేరెను. 68 దేశములనుండి ఎన్నుకొన్న 503 చిత్రములలో అది యొకటి. ఆ ప్రదర్శన లోకమంతట తిరుగుచు భారతదేశమునకు గూడ వచ్చినది. ఆమె చిత్రసంచయము నేడు లైడెన్ విశ్వవిద్యాలయ గ్రంథాలయమున భద్రముగ నున్నది. కాటెన్‌బర్గ్ పాత ఇండ్లు తరువాతి దశాబ్దములలో చాలవరకు పడగొట్టబడెను. ఆ పేట రూపమును నేడు ఎరుగుటకు ఆమె చిత్రములును ఆధారము. ఆకలి శీతకాలమున గర్భస్థులైన శిశువుల ఆరోగ్యమును వైద్యశాస్త్రజ్ఞులు దశాబ్దములపాటు పరిశోధించి, ఆ లేమి వారి దేహములలో నడివయస్సు వరకు నిలిచినదని కనుగొనిరి. ఫిల్ముపై నిలిచినదే రక్తమాంసములలోను నిలిచినదన్నమాట.

పాండవులు అజ్ఞాతవాసము ముగియువరకు ఆయుధములను చెట్టుపైనుంచిరి. ఎమ్మీ ఆంద్రీసెకు అట్టి అవకాశము లేదు. గడువు ఎన్నడు తీరునో చెప్పువారు లేరు, తీరువరకు వేచినచో చిత్రింపవలసినది మిగులదు. అందుచేత అజ్ఞాతవాసములో నుండగనే ఆమె తన సాధనమును బయటికి తీసెను. ఒక శీతకాలపు చిత్రములతోనే ఆమెను గుర్తించుట లోకమునకు వాడుకయైనది. ఆమె దానికి ముందు ఐదేండ్లు విద్య నేర్చెను. వెనుక ఎనిమిదేండ్లు వృత్తి సాగించెను. ఐనను ఆ కొద్ది మాసములలో ఆమె చేసిన పని, ఇంకొకరు ఇంకొకప్పుడు చేయగల పని కాదు. తన పేరును దాచుకొనవలసిన స్థితిలో ఉండి, పేరులేని వారి ముఖములను చరిత్రకు అందించిన ఛాయాగ్రాహకురాలుగ ఎమ్మీ ఆంద్రీసె స్మరణీయురాలు.